బద్ధకం కాదండీ, మళ్లీ వెళ్లడానికి మొహం చెల్లకపోవడం

మీ నాన్నగారు యోగా క్లాసులో చేరి కొన్నాళ్లకే మానేశారనీ, బద్ధకమేననీ రాశారు. నేను ఒప్పుకోను. తెల్లారగట్ల మా శ్రీకాకుళం కోడి రామమూర్తి స్టేడియం వైపు వచ్చి చూడండి, డెబ్బై దాటినవాళ్లు ఎంతమంది నడుస్తుంటారో! పెద్దవాళ్లకి మొదలెట్టడం కష్టం కాదు. మధ్యలో ఏ జ్వరమో, పెళ్లో వచ్చి ఆగాక తిరిగి వెళ్లడమే కష్టం.

మా అమ్మ వానొచ్చినా క్లాసు మానేది కాదు. చెల్లి పురుడుకి హైదరాబాద్ వెళ్లి, పాపకి ఐదో నెల వచ్చాక తిరిగొచ్చింది. మర్నాడే హుషారుగా బయల్దేరింది. తను కూర్చునే కిటికీ పక్కన ఇంకెవరో చాప వేసుకున్నారు. మాస్టారు అందరితోపాటే సూర్యనమస్కారాలు చేయించారు. మూడోదానికే ఆయాసం, మోకాలు పట్టేసింది. "ఏటమ్మా, అన్నీ మరిసిపోనావా?" అని అందరి ముందూ అన్నారట. ఇంటికొచ్చి చాప అటకెక్కించేసింది. "ఇంక ఎల్లనే, సిగ్గుగుంది" అంది.

ఆ వయసులో కొన్ని వారాలు ఆగితే కండబలం ఎంత తొందరగా తగ్గిపోతుందో నేర్పేవాళ్లకి తెలియొద్దా? 65 దాటినవాళ్లు వారానికి కనీసం 3 రోజులు, తూలిపడకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు కూడా చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబెట్టే మాస్టారు నాకైతే కనపడలేదు. జూన్ 21, యోగా దినం వస్తే మాత్రం బ్యానర్లు, టీషర్టులు, ఫొటోలు! అమ్మ వాళ్ల క్లాసు జరిగే హాల్లో బాత్రూంకి ఎప్పుడూ తాళమే. షుగరున్న ఆడవాళ్లు గంటసేపు ఎలా ఓర్చుకుంటారు? మోకాళ్ల నొప్పులని పైకి చెప్పి మానేసినవాళ్లలో కొంతమందికి అసలు కారణం ఇదేనేమో.

అమ్మకి నేనూ తమ్ముడూ చెప్పి చెప్పి విసిగిపోయాం. చివరికి క్లాసులో తన పక్కన కూర్చునే పెద్దావిడ, అమ్మ ఆవిణ్ణి అప్పా (మా వైపు అక్కని అలాగే అంటాం) అని పిలుస్తుంది, పొద్దున్నే గేటు దగ్గరకొచ్చి కేకేసింది: "ఒలే, ఒక్కదాన్నే ఎల్లలేకపోతన్నాను, రా!" అమ్మ మారుమాటాడకుండా వెళ్లింది. మొదట్లో ఇద్దరూ వెనకాల కుర్చీల్లో కూర్చుని చేతులూ మెడా తిప్పేవారు. ఇప్పుడు అమ్మే ముందు వరసలో ఉంటోంది.

మీ నాన్నగారికి వీడియోలు పంపడం ఆపండి. క్లాసుకి చివరిసారి వెళ్లిన రోజు ఏం జరిగిందో నెమ్మదిగా అడగండి. అక్కడ ఆయన ఎవరితో కబుర్లు చెప్పేవారో కనుక్కుని, వాళ్లచేత ఫోన్ చేయించండి. పిల్లలు చెబితే పోరు పెడుతున్నారనుకుంటారు, తోటివాళ్లు పిలిస్తే కదులుతారు.