మంచు మీద సైకిల్ తొక్కబోయే మేనకోడలికి

పాపా,

అమెరికాలో, ఆ మినియాపొలిస్‌లో చలికాలం కూడా సైకిల్ మీదే కాలేజీకి పోతానన్నావని మీ అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది. నా చేత వద్దనిపించాలని చూసింది. నేను వద్దనను. ఆ ఊళ్లో ఉద్యోగం చేసినన్నాళ్లూ నేనూ తొక్కినవాణ్నే. కాకపోతే కొన్ని సంగతులు తెలుసుకుని దిగు.

అప్పుడే పడిన మంచుకు భయపడకు, అది కాస్త పట్టు ఇస్తుంది. భయమంతా మధ్యాహ్నం ఎండకు కరిగి, పొద్దుగూకేసరికి మళ్లీ గడ్డకట్టే నీళ్లతోనే. రోడ్డు తడిగా ఉందనుకుంటావు, అది పల్చటి ఐస్. అందుకే పోయేటప్పటికన్నా వచ్చేటప్పుడు జాగ్రత్త ఎక్కువ కావాలి. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే పొద్దు పోతుంది, లైట్లు తప్పనిసరి. వంతెనలకి కింద నుంచి కూడా చలిగాలి తగులుతుంది కాబట్టి అవి రోడ్డు కన్నా ముందే గడ్డకడతాయి.

కోవూరు గట్ల మీద నవంబరు వానల్లో తొక్కినదానివి, ధైర్యానికి లోటు లేదు. కానీ బురదలో జారేముందు చక్రం బరువెక్కి మనకి తెలుస్తుంది. ఐస్ మీద ఏమీ తెలియదు. దాని మీదికి వచ్చాక బ్రేకు పట్టకు, హ్యాండిల్ తిప్పకు, గబుక్కున పెడల్ తొక్కకు. నేరుగా దొర్లిపోనీ. తగ్గడమైనా తిరగడమైనా ఐస్ రాకముందే అయిపోవాలి. మరీ తప్పకపోతే వెనక బ్రేకు, అదీ మెల్లగా. ముందు చక్రం జారిందా, కాలు కింద పెట్టే వ్యవధి కూడా ఉండదు.

కాబట్టి డబ్బులు జాకెట్ కన్నా ముందు టైర్లకి పెట్టు. చిన్న చిన్న కార్బైడ్ మేకులున్న స్టడెడ్ టైర్లు అడుగు. ఒక్కటే కొనగలిగితే ముందు చక్రానికి వేయించు.

రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మైనస్ 10 కిందికి పోతే అది పెద్దగా పనిచేయదు, చైన్‌ని మాత్రం తినేస్తుంది. ఇసకపల్లి ఉప్పు మడుల దగ్గర సైకిళ్లు ఎలా తుప్పు పడతాయో చూశావుగా. చైన్ తుడిచి నూనె వేస్తుండు.

బయలుదేరినప్పుడు కొంచెం చలేసేటట్టే బట్టలు వేసుకో, లోపల కాటన్ వద్దు. చెమటకి తడిస్తే ఆరదు, ఒళ్లు చల్లబడిపోతుంది.

మిడ్‌టౌన్ గ్రీన్‌వే అని సైకిళ్ల దారి ఉంది, దాని మీద మంచు ఎత్తేస్తుంటారు, చుట్టయినా అటే పో. దారిలో భయమేస్తే దిగి నడిపించుకుంటూ బస్‌స్టాప్‌కి వెళ్లు. అక్కడి సిటీ బస్సులకి ముందు సైకిల్ పెట్టుకునే ర్యాక్ ఉంటుంది. ఈ మాట మీ అమ్మకి నేనే చెబుతాలే.

మీ మామయ్య,
కోవూరు