ఆరు నోట్లు చాలు, అమ్మలూ

చిరంజీవి అమ్మలూకి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన పద్నాలుగు పాటలూ విన్నాను, ఒకసారి హెడ్‌ఫోన్స్‌లో, ఇంకోసారి కారులో. ట్యూన్లు బాగున్నాయి. మూడో పాట మీ అత్తయ్య వంటింట్లో కూనిరాగం తీస్తోంది. ఇది నీ మొదటి ఆల్బం, అదీ ఎలక్ట్రానిక్‌గా నాదం పుట్టించే సింథసైజర్ పాటలది, కాబట్టి మనసులో ఉన్నది చెప్పేస్తాను. ప్రతి పాటలోనూ సౌండ్లు మరీ ఎక్కువయ్యాయి.

నీకు అంత ఇష్టమైన ఆ ఎనభైల రుచి, అప్పటి కీబోర్డులకు శక్తి చాలకపోవడం వల్ల కూడా వచ్చింది. 1984లో వచ్చిన రోలాండ్ కంపెనీ కీబోర్డు జూనో-106 ఒకేసారి ఆరు నోట్లే పలుకుతుంది. నోటుకు ఒక్కటే ఆసిలేటర్, అంటే నాదం పుట్టించే భాగం. అంత పల్చటి నాదాన్ని నిండుగా చేసేది అందులోని కోరస్, అంటే అదే నాదాన్ని కాస్త తేడాతో మళ్ళీ కలిపి వినిపించే ఎఫెక్ట్. ఇవాళ మీరంతా వెతుక్కునేది దాన్నే. నీ ల్యాప్‌టాప్‌లో అలాంటి హద్దు లేదు, నువ్వే పెట్టుకోవాలి. ఒక బేస్, ఒక ప్యాడ్ (వెనక పరుచుకుని ఉండే నాదం), ఒక లీడ్ (ముందు వినిపించే ట్యూన్), డ్రమ్స్. ప్యాడ్‌లో ఆరు నోట్లు దాటనివ్వకు. పాట నిలబడకపోతే ఇంకో సౌండ్ కలపకు, ట్యూన్ మార్చు.

వయసులో ఉన్నప్పుడు నేనూ ఇదే పొరపాటు చేశాను. ఒక పాటకి గంటల లెక్కన కీబోర్డు అద్దెకు తెచ్చి, డబ్బులు పెట్టాం కదా అని అందులో ఉన్న సౌండ్లన్నీ వాడేశాను. పాడినమ్మాయి గొంతు వాటి కింద పడి వినిపించలేదు. ఆ పాట ఇప్పటికీ వినలేను.

హిందీ సినిమా పాటలకి వాయించిన చరణ్‌జిత్ సింగ్ గారి 1982 ఆల్బం ఈ వారమే విను. పది రాగాల్ని డిస్కో బీట్ మీద పెట్టారు. వాడినవి మూడే మెషీన్లు: జూపిటర్-8 కీబోర్డు, బేస్ కోసం టీబీ-303, డ్రమ్స్ కోసం టీఆర్-808. 2010లో మళ్ళీ విడుదలయ్యాక గానీ ప్రపంచం దాన్ని సరిగా వినలేదు. రాగం మన దగ్గరే ఉంది, నువ్వు చిన్నప్పుడు నేర్చుకున్నావు కూడా. మరి నీ లీడ్‌లో ఒక్క గమకమూ లేదేం? కీబోర్డులో స్వరాన్ని పైకీ కిందకీ జరిపే పిచ్ వీల్ మీద వేలు పెట్టి ప్రయత్నించు.

బీట్ మొత్తం గ్రిడ్‌కి, అంటే కంప్యూటర్ గీసిన కచ్చితమైన తాళం గళ్ళకి, అతికించకు. 1977లో వచ్చిన డోనా సమ్మర్ పాట 'ఐ ఫీల్ లవ్' అంతా మోగ్ సింథసైజరే అనుకుంటారు, కానీ అందులో కిక్ డ్రమ్ మనిషి వాయించిందే. పాటకి ఒక్క వాద్యమైనా చేత్తో వాయించు, సరిచేయకుండా వదిలెయ్.

సాహిత్యం గురించి నా బాధ ఎక్కువ. ట్యూన్ కోసం హ్రస్వాన్ని లాగితే అర్థమే మారిపోతుంది. ఐదో పాటలో 'కల' అని రాసి 'కాల' అని పాడావు. పొడవు నోటుకి దీర్ఘం ఉన్న మాట వెయ్యి. బీట్ గట్టిగా పడేచోట 'చుక్క', 'గువ్వ', 'నవ్వు' లాంటి ద్విత్వాలు వేసి చూడు, డ్రమ్‌తో పాటే కొడతాయి. పరాయి భాషలో ఈ సుఖం నీకు దొరకదు.

పద్నాలుగు పాటలు వద్దు, తొమ్మిది ఉంచు. ఎల్పీ రోజుల్లో రెండు వైపులూ కలిపి నలభై నిమిషాలే, అయినా ఎవరికీ తక్కువ అనిపించలేదు. విడుదలకి ముందే పాటల రాయల్టీలు వసూలు చేసి పంచే సంఘం ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకో, ఏ పాటలో ఎవరి వాటా ఎంతో స్నేహితులతో కాగితం మీద రాసుకో. మొహమాటపడకు.

ముందు ఐదో పాటలో గొంతు, బేస్ తప్ప అన్నీ మ్యూట్ చేసి పంపు. ఆదివారం తీరిగ్గా విని ఫోన్ చేస్తాను.

మీ మావయ్య