ఆలోచించకుండా వాయిస్తానంటున్న పిల్లాడిని ఎక్కడ చేర్పించాలి?

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తిచేశాడు. ఈఏపీసెట్‌లో ఒక మోస్తరు ర్యాంకు వచ్చింది. ఎనిమిదో తరగతి నుంచి గిటారు వాయిస్తాడు, రెండేళ్లుగా జాజ్ అనే పాశ్చాత్య సంగీతం తప్ప ఇంకోటి వినడు. ఇంజినీరింగ్ వద్దట. చెన్నైలో మ్యూజిక్ డిప్లొమా గానీ అమెరికాలో బర్క్‌లీ సంగీత కళాశాలకు గానీ పంపమంటున్నాడు. నేర్పే సార్ దగ్గరికి పోవడం కూడా మానేశాడు. ఎందుకురా అంటే, ‘జాజ్ వాయించేటప్పుడు ఆలోచించకూడదమ్మా, చెయ్యి దానంతటదే పోవాలి’ అంటాడు. గదిలో గంటలకొద్దీ ఏదో వాయిస్తాడు, ఒక్క పాటా పూర్తిగా ఉండదు. మొన్న మా ఆయన కోపంతో గిటారు తీసుకెళ్లి చిత్తూరులో మా ఆడపడుచు వాళ్లింట్లో పెట్టి వచ్చారు. బీటెక్, చెన్నై, అమెరికా, ఈ మూడింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి. బుర్ర పెట్టకుండా చేసేది చదువెట్లా అవుతుంది మేడమ్?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. మూడు కోర్సుల సంగతి తర్వాత చెబుతాను. ఏటా అడ్మిషన్ల నెలలో ఇదే దిగులు నా ముందుకు వచ్చి కూర్చుంటుంది. ఒకరి బిడ్డ చేతిలో కెమెరా, ఒకరి బిడ్డ కాళ్లకు గజ్జెలు, మీవాడి చేతిలో గిటారు. ఏ కోర్సు మంచిదని అడుగుతారు గానీ, వీడు కష్టపడటానికి భయపడి దాక్కుంటున్నాడేమో అన్నదే లోపల తొలిచేస్తుంటుంది. ముందు దానికే జవాబు చెబుతాను.

ధనుర్మాసంలో తెల్లవారుజామున మీ వాకిట్లో మెలికల ముగ్గు వేస్తారు కదా. 15 చుక్కలు, మధ్య చుక్క, 8 వచ్చేదాకా. చుక్కలు పెట్టేటప్పుడు లెక్కపెడతారు. గీత మొదలుపెట్టాక ఏ చుక్కను ఎటునుంచి చుట్టాలో లోపల ఎవరూ చెప్పరు. పిండి వేళ్ల సందున జారుతుంటుంది, చెయ్యి తిరుగుతుంటుంది. ఒకచోట గీత తప్పితే చెరపకుండా దాన్ని ఇంకో మెలికలో కలిపేస్తారు. అప్పుడు ఎదురింటావిడ వచ్చి నిలబడి ‘ఈ మలుపు ఎట్లా తిప్పావు వదినా?’ అని అడిగిందనుకోండి. చెయ్యి ఠక్కున ఆగుతుంది. పదేళ్ల వయసులో నోటుబుక్కు వెనక పేజీల్లో మీరు ఎన్ని వందల ముగ్గులు గీసి కొట్టేశారో ఆవిడకు తెలీదు. మీకూ గుర్తుండదు. చేతికి గుర్తుంటుంది.

జాజ్ గిటారిస్టు పనీ ఇంతే. పాటలో ఒకదాని తర్వాత ఒకటి వచ్చే కార్డ్‌లు, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే గుంపులు, చుక్కల్లాంటివి. 12 బార్ల (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తనం లాంటిది) బ్లూస్ పాట తీసుకుంటే, ఏ బార్‌లో ఏ కార్డ్ పడుతుందో బ్యాండులో అందరికీ తెలుసు. వాటి చుట్టూ తిరిగే గీత మాత్రం అక్కడికక్కడ పుట్టాలి. నిమిషానికి 200 బీట్ల వేగంలో నాలుగు బీట్ల బార్ ఒకటి 1.2 సెకన్లలో అయిపోతుంది. ఇప్పుడు ఏ స్కేలు (స్వరాల వరుస), ఏ స్వరం మీద ఆగాలి అని వెతికేవాడు ఇంకా వెతుకుతుండగానే కార్డ్ మారిపోతుంది. కాబట్టి మీవాడు మీకు అబద్ధం చెప్పలేదు. సగం నిజం చెప్పాడు.

మిగతా సగం కోసం వాడికి జాజ్ గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీ సంగతి గుర్తుచేయండి. జాజ్ వినే పిల్లాడికి ఆ పేరు తెలియకుండా ఉండదు. అమెరికాలో ఇండియానాపొలిస్ ఊరివాడు. స్వరలిపి చదవడం రాదు. దాదాపు ఇరవయ్యో ఏట, పెళ్లయ్యాక, తనకన్నా ముందరి గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ రికార్డులు విని వాటిలోని సోలోలను (ఒక్కరే అల్లి వాయించే భాగాలను) ఉన్నది ఉన్నట్టు చెవితో పట్టాడు. తొలిరోజుల్లో క్లబ్బులో ఆయనకు దొరికిన పనే ఆ సోలోలను యథాతథంగా వాయించడం. పగలు ఫ్యాక్టరీ, రాత్రి గిటారు. ఇరుగుపొరుగుకు ఇబ్బంది కాకూడదని తీగలు మీటే పిక్ ముక్క మానేసి బొటనవేలితో మీటడం మొదలుపెట్టాడు. చివరికి ఆ మెత్తటి నాదమే ఆయన గుర్తయింది. 1968లో 45 ఏళ్లకే పోయాడు. ఆయన వాయిస్తుంటే ఆలోచిస్తున్నట్టే ఉండదు. ఆ ఆలోచనంతా ఎప్పుడో, ఇంకొకరి సోలోలు ఒక్కో ముక్కా అరగదీస్తున్నప్పుడే అయిపోయింది.

దీనికోసం అమెరికా దాకా పోనక్కర్లేదు కూడా. మన ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో వయొలిన్ నేర్చుకునే పిల్లలను మనోధర్మం అంటే ఏమిటో అడగండి. కల్పనస్వరాలు పాడేవాళ్లు అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయి, పల్లవి ఎక్కడ ఎత్తుకోవాలో సరిగ్గా అక్కడికే వచ్చి వాలతారు. అక్షరం అక్షరం వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పాడరు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు, కీర్తనలు, ఇన్ని మెట్లు ఎక్కాక వచ్చిన స్వేచ్ఛ అది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ‘రిమెంబర్ శక్తి’ బృందంలో జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాగ్లిన్ పక్కన కూర్చుని అంత తేలిగ్గా సవాలు జవాబులు వాయించగలిగాడంటే, చిన్ననాటి నుంచి చేసిన సాధన ఆ వేళ్లలో ఉండబట్టే.

మీవారు లెక్కలు నమ్మే మనిషిలా ఉన్నారు, ఆయన కోసం ఇది. 2008లో చార్లెస్ లింబ్, అలెన్ బ్రాన్ అనే పరిశోధకులు ఆరుగురు జాజ్ పియానిస్టులను స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, చిన్న కీబోర్డు ఇచ్చి అప్పటికప్పుడు అల్లి వాయించమన్నారు. తనను తాను గమనించుకుని సరిదిద్దుకునే పనికి సంబంధించిన మెదడు ముందు భాగం ఒకటి ఆ సమయంలో నెమ్మదించింది. 2024లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. 32 మంది జాజ్ గిటారిస్టుల మెదడును, వాళ్లు వాయిస్తుండగా ఈఈజీతో (తల మీద పెట్టి మెదడు విద్యుత్ తరంగాలను కొలిచే పరికరంతో) చూశారు. బాగా అనుభవం ఉన్నవాళ్లకే, వాయించడంలో లీనమైపోయే ఆ మైమరపు (దీన్నే ‘ఫ్లో’ అంటారు) ఎక్కువగా, గాఢంగా వచ్చింది. అప్పుడు మెదడు ముందు భాగంలో కొన్నిచోట్ల అదుపు సడలినట్టు కనిపించిందీ వాళ్లలోనే. ఇక్కడ మీరు పట్టుకోవాల్సిన మాట ఒకటుంది. అనుభవాన్ని వాళ్లు లెక్కకట్టింది గదిలో గడిపిన గంటలతో కాదు, జనం ముందు ఎన్నిసార్లు వాయించారన్నదానితో.

కాబట్టి మీవాడిని తగువు పెట్టుకోకుండా రెండు ప్రశ్నలు అడగండి. పెద్దవాళ్ల సోలోలు చెవితో విని ఎన్ని నేర్చుకున్నావు నాయనా? నలుగురి ముందు, వేరే వాద్యంతో కలిసి, ఎన్నిసార్లు వాయించావు? పది, పదిహేను అన్నాడంటే మీరు కోప్పడాల్సిందేమీ లేదు, వాడు దారిలోనే ఉన్నాడు. ఒక్కటీ లేదన్నాడంటే సార్‌ను మానేయడం పొరపాటే. ఆలోచన ఆపిన చెయ్యి తనకు అలవాటైన చోటికే పోతుంది. అలవాటైనవి నాలుగు ముక్కలే అయితే ఆ నాలుగే తిరుగుతుంటాయి. లయ తప్పకుండా టిక్కుటిక్కుమనే మెట్రోనోమ్ పెట్టుకుని, నిదానంగా, ప్రతి వేలి కదలికనూ పట్టించుకుంటూ చేసే సాధన వేరు, దాన్నంతా మరిచిపోయి వాయించే గంట వేరు. రెండూ కావాలి. నేర్పే సార్ వాయించే గంటలో కూడా ప్రతి స్వరానికీ తప్పు పడుతుంటే పిల్లాడు విసిగి ఉండొచ్చు. అట్లాగైతే సార్‌ను మార్చండి, నేర్చుకోవడం మాత్రం ఆపనివ్వకండి.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. గిటారు తీసుకెళ్లి చిత్తూరులో పెట్టడం నాకు ఏమాత్రం నచ్చలేదమ్మా. ఇంటర్ పరీక్షలు అయిపోయాయి, ర్యాంకు వచ్చింది, ఇక ఆ శిక్ష దేనికి? ‘ఒక్క పాటా పూర్తిగా ఉండదు’ అని రాశారు. అంటే తలుపు దగ్గర నిలబడి వింటున్నారన్నమాట. ఎదురింటావిడ మీ ముగ్గు దగ్గర నిలబడినట్టే. చుట్టాలు వచ్చినప్పుడు ‘ఏదైనా సినిమా పాట వాయించరా’ అని కూర్చోబెట్టి, తప్పు పోతే నవ్వి ఉంటారు కూడా. నేను చూసిన ఇళ్లలో చాలావాటిలో జరిగేదే. మాటలు పడే ప్రతిసారీ పిల్లాడి చెవి తన వేళ్ల మీద కాపలా కాయడం నేర్చుకుంటుంది. ఆ కాపలాతో ఎవరూ స్వేచ్ఛగా వాయించలేరు.

పైగా రెండేళ్లు వాడు ఎట్లా గడిపాడో మీకు తెలుసు. పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, వీకెండ్ టెస్టు, మార్కు మీ ఫోనుకు మెసేజ్. పదహారేళ్ల నుంచి పద్దెనిమిది దాకా వాడు చేసిన ప్రతి పనికీ ఎవరో ఒకరు అంకె వేశారు. ఎవరూ అంకె వేయని గంట ఒకటి గిటారుతో సంపాదించుకున్నాడు. దాన్ని సోమరితనం అనుకోకండి. ఆ గంట ఉండబట్టే ఇంటర్ గట్టెక్కాడని నాకు అనిపిస్తోంది. గదిలో తలుపేసుకుని గిటారు వాయించే పిల్లాడి గురించి భయపడొద్దు. గిటారు లేకుండా తలుపేసుకుంటే అప్పుడు భయపడండి.

ఇక ఇప్పుడు నడుస్తున్న ఫ్యాషన్ మీద నాకు చాలా అనుమానాలున్నాయి, దాచుకోను. ‘ఫ్లో’ పేరుతో ఫోనులో రీల్స్ వస్తున్నాయి. కళ్లు మూసుకో, వదిలేయ్, లోపలి సంగీతం అదే వస్తుంది అంటారు. కింద కోర్సు ఫీజు ఉంటుంది. సాధన మాట ఎత్తితే ఆ కోర్సు అమ్ముడుపోదు, అందుకే ఎత్తరు. మీవాడి మాటల్లో నాకు ఆ వాసన కొంచెం తగిలింది.

రెండోది, ఏడాదికి లక్షలు గుంజే మ్యూజిక్ డిప్లొమాలు. కొన్నేళ్ల కిందట మన జిల్లా పల్లె నుంచి ఒక తండ్రి వచ్చారు. కొడుకు కోసం తోతాపురి మామిడి తోట తాకట్టు పెట్టి ఒక పెద్ద నగరంలో ఏడాది కోర్సులో చేర్చారు. నన్ను అడిగింది ఫీజు కట్టాకే. బ్రోషర్‌లో స్టూడియో ఫొటోలు ఉన్నాయి, ‘అవకాశాలు’ అన్న మాట పేజీకోసారి ఉంది. ఏడాది తర్వాత పిల్లాడు రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ బాగా నేర్చుకుని వచ్చాడు. కలిసి వాయించే నలుగురు మనుషులు మాత్రం వాడికి దొరకలేదు. ఇప్పుడు తిరుపతిలో పిల్లలకు గిటారు నేర్పుతున్నాడు, మంచి టీచరు. తోట ఇంకా విడిపించుకోలేదు. ఆ తండ్రి కనిపించినప్పుడల్లా, ఫీజు కట్టకముందే ఈయన నా దగ్గరికి వచ్చి ఉంటే అనిపిస్తుంది.

జాజ్ చదువు దండగ అనడం లేదు. తరగతిలో కార్డ్‌లు, స్వరలిపి, చెవి సాధన చక్కగా నేర్పుతారు. ఆ చదువుకు ప్రాణం పోసేది మాత్రం పక్కన వాయించే మనుషులు. ఆ మనుషులు ఉన్న ఊరికి చేరేలోపు చేతిలో సరుకు ఉండాలి.

మూడింటి పోలిక అడిగారు, చెబుతాను. బాస్టన్‌లోని బర్క్‌లీలో ఫీజు ఒక్కటే ఏడాదికి 40 లక్షల రూపాయలు దాటుతుంది, బస, తిండి వేరు. ఆ అప్పును జాజ్ గిటారు సంపాదనతో తీర్చగలమని నేను ఏ తల్లిదండ్రులకూ చెప్పలేను. పెద్ద స్కాలర్‌షిప్ వస్తే తప్ప ఆ మాట ఎత్తకండి. ఆడిషన్‌లో ఎటూ అప్పటికప్పుడు అల్లి వాయించమంటారు, అక్కడ ‘ఆలోచించను’ అన్న మాట పనికిరాదు. చెన్నై అందుబాటులో ఉన్న దారి. ఎ.ఆర్. రెహమాన్ 2008లో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ లాంటివి అక్కడ ఉన్నాయి, రైలెక్కితే మూడు నాలుగు గంటల్లో చేరతాం. కానీ ఈ ఏడాదే వద్దు. బీటెక్ మీద వాడికి ఇష్టం లేనప్పుడు ర్యాంకు వచ్చిందని చేర్చకండి. సప్లీలు మోసుకుంటూ నాలుగేళ్లు ఈడ్చినవాళ్లను చాలామందిని చూశాను. ఎస్వీ ఆర్ట్స్ కాలేజీలోనో ఇంకెక్కడో సాయంత్రాలు మిగిలే డిగ్రీలో చేర్చండి. సంగీతంతో బతికేవాళ్లలో నాకు తెలిసినవాళ్లు నేర్పుతూ, పెళ్లిళ్లకు, స్టూడియోలకు వాయిస్తూ బతుకుతున్నారు. అప్పు లేకపోతే అది మర్యాదైన బతుకే.

వాడికి ఒక ఏడాది ఇవ్వండి, మాట తీసుకుని ఇవ్వండి. నెలకు ఒక సోలో చెవితో నేర్చుకోవాలి. సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకునే పిల్లాడినో పిల్లనో స్నేహం చేసుకుని, వారానికోసారి మీ మేడ మీద కలిసి వాయించాలి. తాళం విషయంలో మీవాడు నేర్చుకోవాల్సింది వాళ్ల దగ్గర బోలెడు ఉంది. నెలకోసారి ఎవరో ఒకరి ముందు, పుట్టినరోజైనా, కాలేజీ ఫంక్షనైనా, ముగ్గురే ఉన్నా సరే, వాయించాలి. ఏడాది తర్వాత ఆ రికార్డింగులు పట్టుకుని వాడే నా దగ్గరికి రావాలి, మీరు కాదు. చెన్నై సంగతి అప్పుడు వాడితోనే మాట్లాడతాను.

ఈ ఆదివారం మీవారిని చిత్తూరు వెళ్లి గిటారు తెమ్మనండి. వీలైతే కొడుకును వెంట తీసుకెళ్లమనండి, దారిలో చదువు మాట ఎత్తొద్దనండి. తీగలు తుప్పు పట్టి ఉంటే కొత్త సెట్టు కొనివ్వమనండి. వాడు గదిలో తలుపేసుకున్నాక మీరు వంటింట్లోకి వెళ్లిపోండి.