మాత్రను మీరే సగం చేయడం ఆపండి, బరువు సంగతి తర్వాత చూద్దాం

ప్రశ్న: నాకు 46 ఏళ్ళు, ఎత్తు 165 సెంటీమీటర్లు. ఆరేళ్ళుగా షుగరు, నాలుగేళ్ళుగా బీపీ ఉన్నాయి. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర రెండు పూటలా, డపాగ్లిఫ్లోజిన్ పొద్దున ఒకటి, బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర ఒకటి వేసుకుంటున్నాను. ఏడు వారాల క్రితం 92 కిలోలు ఉండేవాణ్ణి. వీడియోలు చూసి అన్నం, రొట్టె, పప్పు, పండ్లు అన్నీ మానేసి గుడ్లు, చికెన్, పనీరు, కొబ్బరినూనెతో గడుపుతూ, రోజూ పొద్దున మానేరు డ్యామ్ కట్ట మీద గంట నడిచి 83 కిలోలకు వచ్చాను. రెండు వారాలుగా ముల్లు కదలడం లేదు. జిమ్‌లో చేరితే కొవ్వు కరిగించే పౌడరు ఇస్తామంటున్నారు, వాడవచ్చా? నడక మంచిదా, జిమ్ మంచిదా? అప్పుడప్పుడు సాయంత్రం చేతులు వణికి చెమటలు పడుతున్నాయి గానీ బెల్లం ముక్క తింటే తగ్గిపోతోంది. షుగరు తక్కువ చూపించిన రోజు మాత్రను సగం చేసి వేసుకుంటున్నాను. తిన్నాక కుడి డొక్కలో నొప్పి వస్తే గ్యాస్ మాత్ర వాడుతున్నాను.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ ఉత్తరంలో ప్రశ్నలన్నీ పైన, ప్రమాదాలన్నీ అడుగున ఉన్నాయి. ముల్లు కదలడం లేదన్న దిగులును వివరంగా రాశారు. చేతులు వణకడం, మాత్రను సగం చేయడం, డొక్కలో నొప్పి మాత్రం చివర మూడు వాక్యాల్లో తేల్చేశారు. నేను చదివే వరస దీనికి తలకిందులుగా ఉంటుంది. బయట ఇంకా రోగులు కూర్చుని ఉన్నారు కాబట్టి ముందు ఆ మూడింటి గురించే రాస్తాను, జిమ్, పౌడరు సంగతి ఆఖరున చూద్దాం. మిమ్మల్ని పరీక్షించకుండా, రిపోర్టులు చూడకుండా రాస్తున్న జవాబు ఇది. దీన్ని మీ వైద్యుల చీటీకి బదులుగా వాడుకోవద్దు, వారిని వెంటనే కలవడానికి కారణంగా మాత్రమే తీసుకోండి.

సాయంత్రం వణుకు, చెమటలు, బెల్లంతో ఉపశమనం అన్న వరుస చదవగానే రక్తంలో చక్కెర పడిపోతోందన్న అనుమానం రాని వైద్యుడు ఉండడు. గ్లిమెపిరైడ్ అనే మందు మీరు తిన్నారా లేదా అని చూడదు. క్లోమగ్రంథిని పిండి ఇన్సులిన్ రప్పించడమే దాని పని, పైగా ఒక్కసారి వేసుకుంటే ఆ ప్రభావం దాదాపు రోజంతా ఉంటుంది. ఆ మోతాదును మీ వైద్యులు నిర్ణయించినప్పుడు మీ కంచంలో రెండు పూటలా అన్నం ఉంది, మీ బరువు 92 కిలోలు ఉంది. ఇప్పుడు అన్నం పోయింది, తొమ్మిది కిలోలు తగ్గాయి, గంట నడక చేరింది, మాత్ర మాత్రం అదే ఉంది. చక్కెర పడిపోక ఏం చేస్తుంది? ఇంట్లో బెల్లం డబ్బా పక్కన కూర్చుని ఉన్నప్పుడు వచ్చిన వణుకు కాబట్టి తగ్గింది. అదే బండి నడుపుతున్నప్పుడో, అర్ధరాత్రి గాఢ నిద్రలోనో వస్తే ఫలితం వేరుగా ఉంటుంది.

ఈసారి అలా అనిపించినప్పుడు గ్లూకోమీటరుతో చూసి, అంకెను, సమయాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెరను నీళ్ళలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్ళీ చూడాలి. అప్పటికీ పెరగకపోతే ఇంకోసారి తాగాలి. గుడ్డో చికెన్ ముక్కో తింటే ఆ క్షణానికి ఏమీ ఉపయోగం ఉండదు. అంకె పెరిగింది కదా అని అంతటితో వదలకుండా, ఆ వెంటనే కొంచెం అన్నమో రొట్టో తినాలి, ఎందుకంటే ఈ రకం మందుతో పడిపోయిన చక్కెర కొన్ని గంటల తర్వాత మళ్ళీ పడిపోవచ్చు.

ఇక మాత్రను సగం చేయడం గురించి. ఈ విషయంలో నాకు కొంచెం కోపం ఎక్కువని మా క్లినిక్‌లో అందరికీ తెలుసు. మందుల కవరు తెమ్మంటే రోగులు తెచ్చే కవర్లలో సగం స్ట్రిప్పులు, వాటి అడుగున పొడి రాలుతున్న అర ముక్కలు, ఒక్కోసారి వంటింటి కత్తితో కోయబోతే మూడు ముక్కలైన మాత్రలు కనిపిస్తుంటాయి. మీరు వేసుకుంటున్నలాంటి జోడు మాత్రల్లో మెట్‌ఫార్మిన్ భాగం చాలా వరకు నెమ్మదిగా కరిగేలా చేసినదై ఉంటుంది. మీ స్ట్రిప్పు మీద మందు పేరు పక్కన ఎస్ఆర్ అనో, ఈఆర్ అనో ఉందేమో చూడండి. అలాంటి మాత్రను విరిస్తే పన్నెండు గంటలు నిదానంగా రావలసిన మందు ఒక్కసారిగా కడుపులో పడవచ్చు. రెండు పొరలుగా చేసిన మాత్రలైతే మీరు కోసిన ముక్కల్లో ఏ మందు ఎంత పడిందో చెప్పడం కష్టం. పైగా మీ ఇబ్బందికి కారణం గ్లిమెపిరైడ్ అయితే, దాన్ని ఒక రోజు తగ్గించి మర్నాడు మళ్ళీ నిండుగా వేసుకోవడం వల్ల చక్కెర ఊయల ఊగడం తప్ప ఒరిగేది ఏమీ ఉండదు. ఇంత బరువు తగ్గినవాళ్ళలో ఆ మందును తగ్గించడమో, పూర్తిగా ఆపడమో తరచుగా అవసరమవుతుంది. మందు తగ్గించాలన్న మీ ఆలోచన బహుశా సరైనదే. ఏ మందును, ఎంత, ఎప్పటి నుంచి అన్నది మాత్రం మీరు కత్తితో తేల్చవలసిన విషయం కాదు.

వణుకు గురించి మీకు కనీసం తెలుస్తోంది. నన్ను అంతకంటే ఎక్కువ కలవరపెట్టినది మీరు పెద్దగా పట్టించుకోని పొద్దుటి మాత్ర. డపాగ్లిఫ్లోజిన్ చక్కెరను మూత్రంలోకి పంపించేస్తుంది. మంచి మందు, గుండెకు, కిడ్నీలకు కూడా మేలు చేస్తుంది, 2020లో పేటెంటు గడువు ముగిసి ధర పడిపోయాక మన ఊళ్ళలో చాలా మందికి రాస్తున్నాం. కానీ దాన్ని వాడుతూ పిండిపదార్థాలు మొత్తం మానేస్తే శరీరం కొవ్వును విపరీతంగా కరిగిస్తూ కీటోన్లనే ఆమ్లాలను తయారు చేస్తుంది, అవి మితిమీరితే రక్తం ఆమ్లంగా మారి ప్రాణం మీదికి వస్తుంది. ఇది అరుదే, అయినా దీంతో వచ్చే చిక్కు ఏమిటంటే గ్లూకోమీటరు 150 అనో 180 అనో చూపించి అందరినీ నమ్మిస్తుంది. మామూలుగా ఈ స్థితిలో చక్కెర చాలా ఎక్కువ ఉంటుందని రోగులూ అనుకుంటారు, హడావుడిలో ఒక్కోసారి వైద్యులూ అనుకుంటారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే ఈ రకం మందులన్నింటి మీదా ఈ హెచ్చరిక జారీ చేసింది.

కాబట్టి వికారం, వాంతులు, కడుపునొప్పి, ఆయాసంగా లోతుగా ఊపిరి తీయడం, లేవలేనంత నీరసం, వీటిలో ఏది వచ్చినా గ్లూకోమీటరు అంకె చూసి ధైర్యం తెచ్చుకోకుండా అత్యవసర విభాగానికి వెళ్ళి, డపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నానని, అన్నం మానేశానని చెప్పి, కీటోన్ల పరీక్ష చేయమని అడగండి. జ్వరమో విరేచనాలో వచ్చి తిండి సహించని రోజుల్లో, ఏదైనా ఆపరేషన్‌కు ముందు ఈ మందును వైద్యులు ఆపిస్తారు. ఆ సంగతి మీకు ఇంతకుముందు ఎవరైనా చెప్పారో లేదో ఉత్తరాన్ని బట్టి తెలియడం లేదు. అన్నం మానేసిన విషయం మీ వైద్యులకు కూడా తెలియదని నా అనుమానం. ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. వారిని కలిసే దాకా మాత్రల మీద ప్రయోగాలు ఆపి, తిండిని కొంచెం సరిదిద్దుకోండి: పూటకు ఒక కప్పు అన్నమో, ఒక జొన్న రొట్టో, దాంతో పాటు పప్పూ తిరిగి మొదలుపెట్టండి. ఈ చిన్న మార్పుతో పైన చెప్పిన రెండు ప్రమాదాలూ చాలా వరకు తగ్గుతాయి.

కుడి డొక్క నొప్పికి గ్యాస్ అని పేరు పెట్టింది మీరో, మెడికల్ షాపు వాళ్ళో నాకు తెలియదు. బరువు వారానికి కిలోన్నర దాటి తగ్గినప్పుడు పిత్తాశయంలో రాళ్ళు తయారయ్యే అవకాశం పెరుగుతుంది. మీ సగటు దానికి కొంచెం తక్కువే ఉన్నా, మొదటి వారాల్లో ఇంకా వేగంగా తగ్గి ఉంటారు. నూనె ఎక్కువగా ఉన్న భోజనం చేసినప్పుడల్లా పిత్తాశయం గట్టిగా ముడుచుకుంటుంది కాబట్టి, లోపల రాయి ఉంటే తిన్నాక నొప్పి రావడం సహజం. రాయి లేకపోవచ్చు, నిజంగానే అసిడిటీ కావచ్చు. ఒక అల్ట్రాసౌండ్ పరీక్షతో తేలిపోయేదానికి వారాల తరబడి గ్యాస్ మాత్రలు ఎందుకు మింగాలి? నొప్పితో పాటు చలిజ్వరమో, కళ్ళు పచ్చబడటమో కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగవద్దు.

బీపీ మాత్ర గురించి మీరు ఏమీ అడగలేదు, నేను అడుగుతాను: మంచం మీది నుంచి లేవగానే కళ్ళు తిరుగుతున్నాయా? బరువు తగ్గినా, అన్నం మానేసినా బీపీ దిగుతుంది, శరీరంలోంచి ఉప్పూ నీళ్ళూ పోతాయి. మీ మాత్రల్లో రెండు వాటిని ఇంకా బయటికి పంపేవే. కూర్చుని, నిలబడి బీపీ చూపించుకోండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, రక్తంలో లవణాలైన సోడియం, పొటాషియం పరీక్షలు కూడా అవసరం.

ఇదంతా చదివి వైద్యులకు బరువు తగ్గడమే ఇష్టం ఉండదనుకోకండి. ఏడు వారాల్లో దాదాపు పది శాతం తగ్గడం చిన్న విషయం కాదు. ఐదు శాతం తగ్గినా షుగరు, బీపీ మెరుగవుతాయి. 2017లో బ్రిటన్‌లో వెలువడిన ‘డైరెక్ట్’ అనే పేరున్న అధ్యయనంలో, షుగరు వచ్చి ఆరేళ్ళు దాటనివారికి కొన్ని నెలల పాటు రోజుకు సుమారు 850 క్యాలరీలే ఇచ్చి బరువు తగ్గించగా, ఏడాది తిరిగేసరికి వారిలో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. అక్కడ ఆ తిండి మొదలుపెట్టిన రోజునే షుగరు మాత్రలను, బీపీ మాత్రలను వైద్యులు ఆపించి, తర్వాత అంకెలను గమనిస్తూ వచ్చారు. మీరు తిండిని మార్చారు గానీ మందుల చీటీని మార్చవలసినవాళ్ళకు కబురు చెప్పలేదు.

ఇప్పుడు మీ ప్రశ్నలు. ముల్లు ఆగిపోవడం రోగం కాదు. పిండిపదార్థాలు మానగానే కాలేయంలో, కండరాల్లో నిలవ ఉన్న చక్కెర ఖర్చవుతుంది. దాని ప్రతి గ్రాముతో మూడు గ్రాముల దాకా నీళ్ళు పోతాయి కాబట్టి మొదట తగ్గిన కిలోల్లో కొంత ఉత్త నీళ్ళే. అన్నం మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కిలో, కిలోన్నర పెరిగినట్టు కనిపిస్తే కంగారుపడి మానేయవద్దు, అవి ఆ నీళ్ళే. పైగా 83 కిలోల శరీరానికి 92 కిలోల శరీరానికి కావలసినంత శక్తి అక్కర్లేదు. వారానికి అర కిలో తగ్గినా నిండా సంతోషించవలసిన వేగమే. రోజూ తూకం ఎక్కే బదులు, నెలకు రెండుసార్లు బొడ్డు దగ్గర టేపుతో కొలుచుకోండి, మన మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు హద్దు.

తిండికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే కంచం చాలు: సగం కూరగాయలు, ఆకుకూరలు, కొద్దిగా పండు, మిగతా సగంలో ధాన్యం, పప్పు, గుడ్డో చేపో, పెరుగో. అన్నాన్ని గరిటెతో వడ్డించుకోకుండా కప్పుతో కొలవండి. కొర్రలు, జొన్నలు మంచివే గానీ కొండంత తింటే అవీ చక్కెరను పెంచుతాయి. కొబ్బరినూనెకు కొవ్వు కరిగించే మహిమ ఏదీ లేదు. గ్రాముకు తొమ్మిది క్యాలరీలు మిగతా నూనెల్లాగే దానికీ ఉంటాయి, కొలెస్ట్రాల్ కూడా ఒకసారి చూపించుకోండి.

నడక, జిమ్ రెండూ కావాలి. వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడక మీకు ఇప్పటికే ఉంది. లేనిది కండరాల వ్యాయామం. వారానికి రెండు రోజులు, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి తోయడం వంటివాటితో మొదలుపెట్టవచ్చు. బరువులు ఎత్తే ముందు మీ వయసుకు, షుగరుకు, బీపీకి గుండె పరీక్ష అవసరమేమో మీ వైద్యులను అడగండి. మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో డ్యామ్ కట్ట ఎక్కవద్దు, జేబులో చక్కెర పొట్లం లేకుండా అసలే వద్దు. మేజోళ్ళు లేకుండా బూట్లు వేసుకోవద్దు, ఇంటికి వచ్చాక అరికాళ్ళు చూసుకోండి.

పౌడరు వద్దు. బరువు తగ్గించే సిబుట్రమిన్ అనే మందు బీపీని, గుండె ప్రమాదాన్ని పెంచుతుందని మన దేశంలో 2011లో నిషేధించారు, అయినా డబ్బా మీద పేరు లేకుండా ఇలాంటి పౌడర్లలో అది కలిసి దొరికిన సందర్భాలు పలు దేశాల్లో ఉన్నాయి. బీపీ ఉన్న మీకు ఆ జూదం అనవసరం.

వైద్యుల దగ్గరికి వెళ్ళేటప్పుడు ఉన్న మందులన్నీ, సగం ముక్కలతో సహా, అదే కవరులో తీసుకెళ్ళండి. ఈ లోపు డపాగ్లిఫ్లోజిన్, గ్లిమెపిరైడ్ పేర్లు ఒక చీటీ మీద రాసి ఇంట్లోవాళ్ళకు ఇచ్చి, మీరు ఎప్పుడైనా స్పృహ తప్పితే నోట్లో చక్కెర నీళ్ళు పోయవద్దని, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోన్ చేసి ఆ చీటీ చూపించమని చెప్పండి.