షాడో టీచర్ కోర్సా, రెండేళ్ల డిప్లొమానా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ పూర్తిచేసి ఖమ్మంలో ఒక ప్లేస్కూల్లో ఆయాకు, టీచర్‌కు సాయంగా పనిచేస్తోంది. ఆటిజం, మాట ఆలస్యం ఉన్న పిల్లలకు చదువు చెప్పే డిప్లొమా చేస్తానంటోంది. మూడు నెలల ఆన్‌లైన్ షాడో టీచర్ (తరగతిలో ఒక బిడ్డ పక్కనే ఉండి సాయపడే మనిషి) కోర్సు చేస్తే వెంటనే జీతం వస్తుందని బంధువులు అంటున్నారు. ఏది మేలు? అలాంటి పిల్లలతోనే ఉండిపోతే పెళ్లి సంబంధాలు వస్తాయా?

జవాబు: అమ్మా, ఈ చివరి ప్రశ్న నన్ను చాలామంది తల్లులు అడిగారు. మీ అసలు బెంగ అదే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. ఆటిజం అంటువ్యాధి కాదు. మూడేళ్ల పసివాళ్లకు చదువు చెప్పే పిల్ల మాకొద్దనే ఇంటికి అమ్మాయిని ఇవ్వాలని మీకెందుకంత తొందర? ఆమె పని చూసి మీరే తలదించుకుంటే, వచ్చేవాళ్లు ఎలా గౌరవిస్తారు?

ఇక షాడో టీచర్ కోర్సు. పక్కన ఒక మనిషి కొన్నాళ్లు ఉండక తప్పని పిల్లలు ఉన్నారు, కాదనను. కానీ చాలా బడుల్లో ఆ జీతం తల్లిదండ్రులే కట్టుకోవాలి, తరగతి టీచర్ మాత్రం ఆ బిడ్డ తన బాధ్యత కాదన్నట్టు ఉంటుంది. అందరూ పాట పాడుతుంటే వాడు మూలన పూసలు గుచ్చుతుంటాడు. పేరుకు అందరితో కలిసి చదువుతున్నట్టే!

నిజంగా కలుపుకోవడమంటే అదే పాటకు అందరి చేత సైగలు చేయించడం, తర్వాత ఏం చేయబోతున్నామో బొమ్మల కార్డులతో చూపడం, హోరు తట్టుకోలేని బిడ్డకు కాసేపు నెమ్మదిగా ఉండే చోటు ఇవ్వడం, ప్రశ్న అడిగాక తొందరపెట్టకుండా ఆగడం. మాట ఆలస్యం లేని పిల్లలకూ ఇవి మేలే చేస్తాయి. పక్కన కూర్చున్న మనిషి ఎప్పుడు తప్పుకోవాలో కూడా తెలిసి ఉండాలి. పిల్లల మధ్య పనిచేయకుండా, ఫోను తెర మీద పాఠాలు వింటే ఆ నేర్పు అబ్బుతుందని నేను నమ్మను.

మీ అమ్మాయి కోరుకున్నది రెండేళ్ల డి.ఎడ్. స్పెషల్ ఎడ్యుకేషన్. భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన చోట చదివితే ఆ మండలి రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకోవచ్చు. స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేయడానికి 1992 నాటి ఆర్‌సీఐ చట్టం అడిగేది ఆ నమోదే. తెలంగాణ 2024 డీఎస్సీలో, అంటే ప్రభుత్వ బడుల టీచర్ల నియామకాల్లో, స్పెషల్ ఎడ్యుకేషన్‌కు 796 ఎస్‌జీటీ (చిన్న తరగతుల టీచర్) పోస్టులు ఇచ్చారు. 2023 నవంబరులో కేంద్రం దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీలకు ప్రత్యేక మార్గదర్శకాలు విడుదల చేసింది. అవసరం పెరుగుతోంది, చేయగలవాళ్లే తక్కువ. మొదట్లో ప్రైవేటులో జీతం పెద్దగా ఉండదు, ఆ మాట దాచను. అయినా ఈ పనికి ఆమె తగినదే. ప్లేస్కూల్లో పిల్లలను చూసి తనంతట తానే ఈ దారి ఎంచుకుంది, మీరు భయపడాల్సిందేమీ లేదు.

దగ్గరి మండలంలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి అనుమతి తీసుకుని ఒక పూట ఇద్దరూ వెళ్లిరండి. ఫీజు కట్టేముందు ఆ కళాశాల, ఆ కోర్సు ఈ ఏడాది ఆర్‌సీఐ జాబితాలో ఉన్నాయో లేదో చూసుకోండి.