అమెరికా చరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలి?

"ఇక్కడి చరిత్ర తెలుసుకోవాలనుంది, ఒక మంచి పుస్తకం చెప్పండి" అని కొత్తగా వచ్చినవాళ్లు తరచూ అడుగుతారు. ఒక్క పుస్తకంతో తీరే పని కాదిది. కొలంబస్ దగ్గర మొదలుపెట్టి వరసగా చదివేద్దామని తొమ్మిది వందల పేజీల గ్రంథం తెచ్చుకున్నవాళ్లు చాలామంది టీ మీద పన్ను గొడవ దగ్గరే ఆగిపోతారు. అలా కాకుండా, మీరుంటున్న ఊరికి దగ్గరలో జరిగిన ఒక ఘట్టం ఎంచుకోండి. దాని మీద ఒక నవల, చరిత్ర పుస్తకంలో ఒక అధ్యాయం, ఆ కాలపు కాగితం ఒకటి పక్కపక్కన పెట్టుకుని చదవండి. మూడూ కలిస్తేనే విషయం ఒంటబడుతుంది.

బే ఏరియాలో ఉన్నారనుకుందాం. శాన్ బ్రూనో బార్ట్ రైలు స్టేషన్ పక్కన టాన్‌ఫోరాన్ అనే చోటుంది. ఒకప్పుడు అది గుర్రప్పందాల మైదానం. జపాన్‌తో యుద్ధం జరుగుతున్న 1942లో, జపాన్ సంతతి కుటుంబాలను ఇళ్ల నుంచి తెచ్చి అక్కడి గుర్రపుశాలల్లో ఉంచారు. జూలీ ఒట్సుకా రాసిన 'వెన్ ది ఎంపరర్ వజ్ డివైన్' (2002) ఈ కథే. చిన్న నవల, రెండు మూడు సాయంత్రాల్లో అయిపోతుంది. బర్కిలీలో ఒక ఇల్లు, తండ్రిని అప్పటికే చెప్పులతోనే పట్టుకుపోయారు, మిగిలిన తల్లి, ఇద్దరు పిల్లలు సామాను సర్దుకుంటారు. ఆ కుటుంబంలో ఎవరి పేరూ రచయిత్రి చెప్పదు. అది చదివాక 'ది అమెరికన్ యాప్' (Yawp, ఫోన్ యాప్ కాదు) తెరవండి. చరిత్ర ఆచార్యులు కలిసి రాసిన పాఠ్యపుస్తకం, మొత్తం 30 అధ్యాయాలు, ఆన్‌లైన్‌లో ఉచితం. 24వ అధ్యాయం రెండో ప్రపంచ యుద్ధం.

ఆ తర్వాత నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1942 ఫిబ్రవరి 19న సంతకం చేసిన 9066వ ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ చూడండి. మొదటిసారి చదివినవాళ్లు ఆశ్చర్యపోతారు, ఎందుకంటే అందులో జపాన్ వాళ్ల పేరే ఉండదు. సైన్యం నిర్ణయించిన ప్రాంతాల నుంచి "ఎవరినైనా లేదా అందరినీ" పంపించవచ్చని మాత్రమే ఉంటుంది. ఎవరిని పంపాలో వీధుల్లో అంటించిన సైనిక నోటీసులు చెప్పాయి. అవి కూడా అక్కడే దొరుకుతాయి. సుమారు 1,20,000 మందిని అలా నిర్బంధించారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులు. బతికి బయటపడ్డవాళ్ల గొంతులు వినాలంటే సియాటిల్‌లోని 'డెన్షో' ఆర్కైవ్‌లో వీడియో ఇంటర్వ్యూలున్నాయి.

పుస్తకాలు కొనక్కర్లేదు. ఊరి పబ్లిక్ లైబ్రరీకి పాస్‌పోర్టో డ్రైవింగ్ లైసెన్సో, దాంతోపాటు చిరునామా ఉన్న అద్దె ఒప్పందమో కరెంటు బిల్లో తీసుకెళ్తే చాలాచోట్ల అప్పటికప్పుడే కార్డిస్తారు, రుసుము ఉండదు. ఆ కార్డు నంబరుతో ఫోన్‌లో లిబ్బీ యాప్ పెట్టుకోండి, ఈబుక్‌లూ ఆడియోలూ వస్తాయి. పేరున్న పుస్తకాలకు వారాల తరబడి క్యూ ఉంటుంది కాబట్టి నాలుగైదు ఒకేసారి హోల్డ్ పెట్టండి. అన్నీ ఒకే వారం వచ్చిపడితే కంగారుపడకుండా "తర్వాత ఇవ్వండి" అనే ఆప్షన్ నొక్కితే క్యూలో మీ చోటు పోదు. లైబ్రరీలో అల్మరాల దగ్గరికి వెళ్తే పుస్తకం వెన్ను మీద నంబరు చూడండి. అమెరికా చరిత్ర మొత్తం 973. రాష్ట్రాల చరిత్ర 974 నుంచి 979 దాకా: న్యూజెర్సీ 974.9, జార్జియా 975.8, టెక్సస్ 976.4, ఇల్లినాయ్ 977.3, కాలిఫోర్నియా 979.4. మీ రాష్ట్రం అల్మరా ముందు ఓ అరగంట నిలబడితే మీ ఊరి వీధుల పేర్లు కొన్ని ఎక్కడి నుంచి వచ్చాయో తెలిసిపోతుంది. పిల్లల విభాగంలో వెతకడానికి మొహమాటపడొద్దు. పెద్ద పుస్తకాలకు బడిపిల్లల కోసం చేసిన సంక్షిప్త రూపాలు అక్కడుంటాయి, మ్యాపులతో సహా.

నవలను నవలగానే తీసుకోవాలి. కోల్సన్ వైట్‌హెడ్ 'ది అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్' (2016)లో నేల కింద నిజంగానే పట్టాలూ స్టేషన్లూ ఉంటాయి. చరిత్రలో రైలు లేదు. పారిపోతున్న బానిసలకు దారి చూపి, దాచిపెట్టి, తిండి పెట్టిన మనుషుల గొలుసును అలా పిలిచేవారు. ఆ నవలను ముందు చదివి రైలు ఉందనుకున్నవాళ్లు ఉన్నారు. అందుకే బానిసగా పుట్టి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో రాసుకున్న ఆత్మకథ ముందు చదవండి. పల్చటి పుస్తకం, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితం.

మనలో చాలామందికి నల్లజాతి బానిసత్వం మొదట తెలిసింది 'ఏడు తరాలు' ద్వారానే, అంటే అలెక్స్ హేలీ 'రూట్స్' (1976)కు సహవాసి చేసిన తెలుగు. మనసును కుదిపేసే పుస్తకం, అందులో సందేహం లేదు. హేలీ తన పూర్వీకుడు కుంటా కింటేను తెచ్చిందని రాసిన లార్డ్ లిగోనియర్ ఓడ 1767లో అన్నాపొలిస్ రేవుకు వచ్చింది నిజమే, ఆనాటి మేరీలాండ్ గెజెట్‌లో ప్రకటన ఉంది. అయితే వర్జీనియా రికార్డులు తిరగేసిన వంశచరిత్ర పరిశోధకులు, కుంటాకు యజమానులు పెట్టారని హేలీ చెప్పిన టోబీ అనే పేరుతో ఒక బానిస, ఆ ఓడ రాకముందే యజమానులైన వాలర్ కుటుంబం కాగితాల్లో ఉన్నాడని చూపించారు. కుంటా కింటే, టోబీ ఒకరేనన్న లంకె దాంతో నిలవలేదు. అంతమాత్రాన బానిసల బతుకు గురించి ఆ పుస్తకం చూపించింది అబద్ధమైపోదు. దాన్ని వంశవృక్షానికి రుజువుగా మాత్రం వాడకూడదు. బానిసలుగా పుట్టినవాళ్ల మాటలే కావాలంటే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో 1936-38 మధ్య ప్రభుత్వం రాయించిన 2,300 పైచిలుకు కథనాలున్నాయి. అవి చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి: చెప్పినవాళ్లు పండు ముసలివాళ్లు, రాసుకున్నవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు, కాలమేమో కరవుకాలం. "మా దొర మంచివాడే" అన్న వాక్యం కనిపిస్తే ఎవరి ముందు కూర్చుని ఆ మాట అన్నారో ఆలోచించండి.

ఉచిత పుస్తకాలతో ఇంకో ఇబ్బంది ఉంది. ప్రచురించి 95 ఏళ్లు దాటి కాపీరైట్ తీరినవే ఎక్కువగా ఉచితంగా దొరుకుతాయి. ఆత్మకథలకు అది వరమే. అంతర్యుద్ధం ముగిశాక 1865-77 మధ్య దక్షిణాదిలో నల్లవాళ్లు ఓటేసి, చట్టసభల్లో కూర్చున్న రీకన్‌స్ట్రక్షన్ కాలం మీద మాత్రం అలా దొరికే చరిత్రల్లో చాలావాటిని నల్లవాళ్లకు పాలించడం చేతకాదనే నమ్మకంతో రాశారు. ఆ అభిప్రాయం బడి పుస్తకాల్లో దశాబ్దాలు నిలిచింది. కాబట్టి ఈ కాలం మీద ఏది చదివినా ముందు ప్రచురణ సంవత్సరం చూడండి. ఎరిక్ ఫోనర్ 1988లో రాసిన 'రీకన్‌స్ట్రక్షన్' పెద్దదనిపిస్తే, ఆయనే కుదించిన చిన్న పుస్తకం ఉంది. చదవడం కంటే వినడం తేలికనుకునేవారికి యేల్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బ్లైట్ చెప్పిన అంతర్యుద్ధం పాఠాలు 27, ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఆఫీసుకు కారులో వెళ్తూ వినొచ్చు.

పాత పత్రికలకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నడిపే 'క్రానిక్లింగ్ అమెరికా' ఉంది. వెతికినా ఏమీ రాలేదని చాలామంది వదిలేస్తారు. తప్పు వెతికే తీరులో ఉంటుంది. మచ్చలు పడ్డ పాత అచ్చును యంత్రం చదవడంలో అక్షరాలు మారిపోతాయి, అందుకని పొడుగు వాక్యం కాకుండా ఒకటి రెండు పదాలే ఇచ్చి, రాష్ట్రం, సంవత్సరం బిగించండి. ఒకే యుద్ధానికి రెండు పేర్లుంటాయి: వర్జీనియాలో మనవాళ్ల ఇళ్లకు దగ్గరలో ఉన్న మనాసస్‌నే ఉత్తరాది పత్రికలు బుల్ రన్ అన్నాయి. మన దేశం వాళ్ల గురించి "ఇండియన్" అని వెతికితే ఇక్కడి ఆదివాసులే వస్తారు. అప్పటి పత్రికలు పంజాబీ సిక్కులను కూడా "హిందూ" అనే రాసేవి. ఆ మాటను చివర ఒకసారి యూ పెట్టి, ఒకసారి రెండు ఓలు పెట్టి, వాషింగ్టన్ రాష్ట్రం, 1907 సెప్టెంబరు అని ఇచ్చి చూడండి. బెల్లింగ్‌హామ్‌లో కలప మిల్లుల్లో పనిచేసే మనవాళ్లను గుంపుగా వచ్చి తరిమేసిన వార్తలు వస్తాయి.

అక్కడి నుంచి, అమెరికా పౌరసత్వం కోరిన భగత్ సింగ్ థిండ్ కేసుకు వెళ్లండి. భారతీయులు పౌరసత్వానికి అర్హులైన "తెల్లవాళ్లు" కారని 1923లో సుప్రీంకోర్టు చెప్పింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో పరిశోధన చేసింది ఆ దశాబ్దంలోనే. 1946లో ల్యూస్-సెల్లర్ చట్టం ఆ తలుపు తెరిచి, ఏడాదికి వంద మంది కోటా ఇచ్చింది. అది తెరిచిన రెండేళ్లకే, 1948లో, సుబ్బారావు పోయారు. మనం ఇంతమందిమి రాగలిగింది 1965 వలస చట్టం తర్వాతే. ఈ కాలపు ఉత్తరాలు, ఫోటోలు 'సాదా' అనే దక్షిణాసియా అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్‌లో ఉచితంగా చూడొచ్చు.

ఎక్కడైనా చిక్కుపడితే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఆన్‌లైన్‌లో ప్రశ్న రాసి పంపండి, లైబ్రేరియన్లు జవాబిస్తారు. "అంతర్యుద్ధం గురించి చెప్పండి" అని కాకుండా ఊరు, సంవత్సరం, ఇప్పటికే ఎక్కడెక్కడ వెతికారో రాయండి.