మిల్లు గోడ పక్కన మా వాడ

“కూల్చివేసిన కార్మికవాడలో పుట్టి పెరిగినవారు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? అక్కడ మీ బాల్యం ఎలా గడిచింది, ఇప్పుడు ఆ చోటు గురించి ఏమనిపిస్తుంది?” అన్న ఈ ప్రశ్న చూసిన నాటి నుంచి మా అమ్మా నేనూ కలిసి పాత క్యాలెండరు కాగితం వెనకవైపు మా వాడ పటం గీస్తున్నాము. మా వాడకు ఒక్క ఫోటో కూడా లేదు. పెళ్ళిళ్ళప్పుడు తీయించుకున్నవి నాలుగైదు ఉన్నాయి గాని, వాటిలో మనుషుల వెనక తెర కట్టి ఉండటంతో ఇళ్ళు కనబడవు. అందువల్ల గుర్తున్నంతవరకు కొలతలతో సహా రాయాలనిపించింది.

మాది ఉత్తర చెన్నైలో, పులియంతోపుకూ పట్టాళానికీ నడుమ, బకింగ్‌హాం కర్ణాటిక్ మిల్లుల ప్రహరీగోడకు ఆనుకుని ఉన్న ఒక సన్నటి వీధి. ఇటు చివర ఓటేరి నల్లా అనే కాలువ, అటు చివర పెద్ద రోడ్డు. వీధి వెడల్పు ఆరడుగులకు మించదు. మీను బండి అని పిలిచే మూడు చక్రాల తొక్కుడు బండి లోపలికి వస్తే మేమంతా గుమ్మాలెక్కి నిలబడేవాళ్ళం. సగం ఇళ్ళు తెలుగువారివి, సగం తమిళులవి. మా తాత గూడూరు పక్క పల్లె నుంచి వయసులో ఉండగా రైలెక్కి వచ్చి మిల్లు నేత విభాగంలో చేరాడు. ఆయన తరువాత మా నాయన అదే విభాగంలో చేరాడు. సైన్యానికీ పోలీసులకూ వెళ్ళే ఖాకీ గుడ్డ అక్కడ నేసేవారు. వీధిలో పోలీసు కనబడితే, ఆ చొక్కా గుడ్డ మా నాయన నేసిందే అయి ఉంటుందని నేను గట్టిగా నమ్మేదాన్ని.

ఇంత ఇరుకులో, కాలువ కంపులో, ఎందుకు ఉన్నారని నన్ను చాలామంది అడిగారు. దానికి జవాబు దూరంలో ఉంది. ఆ మిల్లుల కార్మికులే ప్రధానంగా 1918 ఏప్రిల్ 27న బి.పి. వాడియా నాయకత్వంలో మద్రాస్ లేబర్ యూనియన్ ఏర్పడింది. దేశంలో పద్ధతిగా ఏర్పడిన తొలి కార్మిక సంఘంగా దానికి పేరు. మధ్యాహ్న భోజనానికి ఇచ్చే సమయం చాలడం లేదన్నది ఆనాటి కార్మికుల ఫిర్యాదుల్లో ఒకటని మా తాత పెద్దల దగ్గర విని మాకు చెప్పేవాడు. అన్నం తినడానికి అరగంట మాత్రమే దొరికేవాడు మిల్లుకు ఎంత దూరంలో ఇల్లు కట్టుకోగలడో ఆలోచిస్తే, మా వాడ అక్కడే ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. ఆ అరగంటకు సరిపోయే కొలతలోనే మా ఇళ్ళన్నీ ఒదిగి ఉండేవి.

తొమ్మిదేళ్ళ వయసు నుంచి సెలవు రోజుల్లో నాయనకు అన్నం తీసుకువెళ్ళే పని నాది. మిల్లు సైరన్‌ను మావాళ్ళు తమిళ అలవాటుతో సంగు అనేవారు. శంఖానికి వారి మాట అది. సంగు కూయగానే అమ్మ క్యారియరు మూత బిగించేది, నేను పరుగెత్తేదాన్ని. రసం ఒలకకుండా పరుగెత్తడం ఒక విద్య. మా గుమ్మం నుంచి గేటుకు నాలుగు వందల పన్నెండు అడుగులు, నా తొమ్మిదేళ్ళ అడుగులతో. నాయన గేటు పక్కన గోడ నీడలో కూర్చుని తిని, అడుగున కొంచెం పెరుగన్నం నాకోసం మిగిల్చేవాడు. ఇంట్లో తిన్న అన్నమే అయినా, ఆ రెండు ముద్దలకు వేరే రుచి ఉండేది.

ఇల్లు పదడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు. మొదట తాటాకు కప్పు, నాకు ఊహ తెలిశాక ఆస్బెస్టాస్ రేకులు. అందులో తాత, అవ్వ, నాయన, అమ్మ, నేను, ఇద్దరు తమ్ముళ్ళు. ఏడుగురం ఒకేసారి పడుకోవడం సాధ్యం కాదు, ఆ అవసరమూ రాలేదు; నాయన రాత్రి షిఫ్టులో ఉంటే ఆయన చోటులో తమ్ముళ్ళు పడుకునేవారు, పొద్దున ఆయన వచ్చాక మమ్మల్ని లేపి, మా వెచ్చదనం పోకముందే అదే చాపపై ఆయన నిద్రపోయేవాడు. పగలు నిద్రపోయే మనిషి ఉన్న ఇంటి ముందు పిల్లలు అరవకూడదన్నది వీధిలో ఎవరూ రాయని కట్టుబాటు. ఏ ఇంట్లో ఏ వారం ఎవరు పగలు పడుకుంటారో మాకందరికీ తెలుసు. ఆట ఆ ఇంటిని తప్పించుకుని జరుపుకునేవాళ్ళం. నేను చదువుకున్నది ఎక్కువగా మిల్లు గోడ నీడలోనే. కార్పొరేషన్ బడిలో మాది తెలుగు మాధ్యమం; వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు, బడిలో పుస్తకాల తెలుగు. “నీళ్ళు తేవాలి” అనడానికి మేము మూడు చోట్ల మూడు రకాలుగా పలికేవాళ్ళం, ఏ చోట ఏది పలకాలో ఎవరూ నేర్పలేదు.

నీళ్ళ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వాడలోని కష్టమంతా అక్కడే పోగై ఉండేది, ఆ కష్టమంతా ఆడవాళ్ళదే. వీధికంతటికీ ఒకే చేతిపంపు. నీళ్ళు రాత్రి రెండింటికో మూడింటికో వచ్చేవి. పంపు మెడ దగ్గర చెవి పెట్టి, లోపల గాలి ఈల వేస్తుంటే ఇంకా ఎంతసేపట్లో నీళ్ళు వస్తాయో మా అవ్వ చెప్పగలిగేది. ఒక్కో ఇంటికి ఒక విడతకు మూడు బిందెలు. బాలింత ఉన్న ఇంటికి అయిదు. చావు జరిగిన ఇంటివారు వరుసలో నిలబడనవసరం లేదు. తక్కినవారే నింపి గుమ్మంలో పెట్టేవారు. ఈ లెక్కలో తెలుగు, తమిళం తేడా ఉండేది కాదు. తగాదాలు మాత్రం ఉండేవి, బిందెతో కొట్టుకుని నెత్తురు కారిన రోజులూ ఉన్నాయి. ఆ వాడలో అందరూ అన్యోన్యంగా ఉండేవారని రాస్తే అది అబద్ధం. తగాదా పడ్డవారే మర్నాడు ఒకరి పిల్లను ఒకరు చూసుకోవలసి వచ్చేది, ఎందుకంటే తల్లులిద్దరూ పనికి వెళ్ళాలి. అంతకంటే గొప్ప కారణం ఏదీ లేదు.

మా అవ్వది కూరగాయల బుట్ట వ్యాపారం. తెల్లవారుజామున మూడున్నరకు నీళ్ళు పట్టి, మరో ముగ్గురు ఆడవాళ్ళతో కలిసి కొత్వాల్ చావడి కూరగాయల మార్కెట్టుకు నడిచేది. నలభై, నలభై అయిదు నిమిషాల నడక. ఏడింటికల్లా బుట్ట నెత్తిన పెట్టుకుని తిరిగి వచ్చి, పెద్ద రోడ్డు మొదట్లో గోనెపట్టా పరిచేది. మిగిలిన వంకాయలు సాయంత్రం మా కూర. కొన్నిసార్లు నన్ను వెంట తీసుకువెళ్ళింది. ఆ చీకట్లో నలుగురూ చీటీ లెక్కలు మాట్లాడుకుంటూ నడవడం, బేసిన్ బ్రిడ్జి మీదుగా పోయే రైలు వెలుగు వాళ్ళ బుట్టలపై పడడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. ఆమె పెట్టుబడి అంతా చీటీ డబ్బు, ఆమె రవాణా ఖర్చు సున్నా. తమ్ముళ్ళిద్దరూ పుట్టిన రాయపురం ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి కూడా మా అమ్మ నెప్పులతో రిక్షాలో వెళ్ళి, నాలుగో రోజు బిడ్డతో నడిచే వచ్చింది.

రెండు భయాలు ఉండేవి. ఎండాకాలం నిప్పు, కార్తీకంలో వాన. తాటాకు కప్పులున్న రోజుల్లో ఒక ఇంట్లో పొయ్యి రవ్వ ఎగిరితే పది ఇళ్ళు పోయేవి; నాకు ఆరేళ్ళప్పుడు మా వరుసలో ఎనిమిది కాలిపోయాయి. అప్పటి నుంచి రేషను కార్డు, మా బడి సర్టిఫికెట్లు, అవ్వ మెడలో తీసిన పుస్తెలు ఉన్న రేకుపెట్టె ఎప్పుడూ గుమ్మం పక్కనే ఉండేది. రాత్రి కేక వినబడితే ఎవరు ఎవరిని ఎత్తుకోవాలో, పెట్టె ఎవరు పట్టుకోవాలో ముందే నిర్ణయం. పెట్టె వంతు నాది. వానాకాలంలో నల్లా పొంగి నల్లటి నీరు ఇంట్లోకి వస్తే, ఆ పెట్టెతోనే మా బడికి వెళ్ళి తరగతి గదిలో పడుకునేవాళ్ళం. నా బెంచీ దగ్గరే మా అమ్మ పొయ్యి పెట్టడం ఒకసారి జరిగింది. తరువాత వారం రోజులు అక్కడ కూర్చుని లెక్కలు చేస్తుంటే కాళ్ళకింద మసి కనబడేది.

1996 మాకు మరిచిపోలేని సంవత్సరం, మూడు కారణాల వల్ల. ఆ ఏడాదే మిల్లు మూతపడింది. ఆ ఏడాదే కొత్వాల్ చావడి టోకు వ్యాపారం కోయంబేడుకు తరలిపోయింది. ఆ ఏడాది సెప్టెంబరులోనే తెలుగుగంగ నీళ్ళు తమిళనాడు సరిహద్దు దాటి పూండి జలాశయం వైపు వచ్చాయి. 1983లో ఎన్.టి. రామారావు, ఎం.జి. రామచంద్రన్ ముఖ్యమంత్రులుగా ఉన్నప్పుడు కుదిరిన ఒప్పందం ప్రకారం తవ్విన కాలువ అది, మా నెల్లూరు జిల్లాలోని కండలేరు మీదుగా వస్తుంది. ఆ వార్త నేను పేపరులో చదివి వినిపిస్తే మా అవ్వ కన్నీళ్ళు పెట్టుకుంది. “నేను ఈడికి నడిచొచ్చిన దోవనే నీళ్ళూ వచ్చినాయి” అంది. అప్పటికే ఆమెకు వ్యాపారం లేదు. కోయంబేడుకు నడిచి వెళ్ళి నడిచి రావడం కుదరదు, బుట్టతో బస్సెక్కనివ్వరు, ఆటోకిస్తే లాభమంతా అందులోనే పోతుంది. నాయన మీను బండి అద్దెకు తీసుకుని సరుకులు తోలడం మొదలుపెట్టాడు. సంగు ఆగిపోయాక చాలా నెలలు వీధిలో ఎవరికీ వేళ తెలిసేది కాదు. అన్నం వండవలసిన సమయానికి అమ్మ బయటికి వచ్చి ఊరికే నిలబడేది.

కూల్చివేత నా పెళ్ళయిన నాలుగేళ్ళకు జరిగింది. కాలువ గట్టు కాబట్టి ఇళ్ళు తీసేయాలన్నారు. ముందుగా ఇళ్ళకు అంకెలు వేశారు, తరువాత కార్డులు చూశారు. రేకుపెట్టె పుణ్యాన మా వాళ్ళకు కాగితాలన్నీ ఉన్నాయి, మారు ఇల్లు దొరికింది. మా పక్కింటి తమిళ అవ్వకు, నిప్పులో కార్డు పోగొట్టుకుని మళ్ళీ తీసుకోని ఆవిడకు, దొరకలేదు. ఆవిడ కూతురింటికి వెళ్ళింది. యంత్రం వచ్చిన రోజు నేను అక్కడ ఉన్నాను. మా ఇల్లు పడడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు, ఎందుకంటే వెనక గోడ మిల్లుదే. మేము కట్టినవి మూడు గోడలే. మిల్లు గోడ మాత్రం అలాగే నిలబడి ఉంది, మా దీపపు మసి, నాయన కొట్టిన మేకులు, తమ్ముళ్ళ ఎత్తు కొలిచిన గీతలతో.

కొత్త ఇల్లు కన్నగి నగర్‌లో, పాత చోటుకు ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో. అక్కడ పక్కా కప్పు ఉంది, నిప్పు భయం లేదు, లోపలే మరుగుదొడ్డి ఉంది. ముప్పై ఏళ్ళు చీకటి పడేదాకా ఆగిన మా అమ్మకు అది ఎంత ఊరటో నాకు తెలుసు. కనుక ఆ వాడను అలాగే ఉంచవలసిందని నేను అనడం లేదు. ఇక్కడ కొందరు జవాబుల్లో “మురికివాడ పోయి మంచి ఇల్లు వచ్చింది, ఇంకేం కావాలి” అని రాశారు. వారికి నేను చెప్పదలచింది ఒక్కటే. మాకు అప్పుడు చోటు లేకపోయినా దూరం కూడా లేదు. ఇప్పుడు ఉన్న చోటుకు ప్రతిరోజూ దూరం చెల్లించవలసి వస్తోంది. పెద్ద తమ్ముడు పాత చోటు వైపున్న ప్యారీస్ కార్నర్ బజారులో లోడింగు పనికి రెండు బస్సులు మారి వెళ్ళేవాడు, రాత్రి చివరి బస్సు తప్పితే అక్కడే షట్టరు ముందు పడుకునేవాడు. నాయన బండి అక్కడికి తీసుకువెళ్ళలేక అమ్మేశాడు. మా వీధివారిని ఒకే చోట కాక వేరువేరు బ్లాకుల్లో వేశారు, దానితో పిల్లను ఎవరి దగ్గర వదలాలో తెలియక మా మరదలు ఇళ్ళపని మానేసింది. చీటీ పాడడానికి నమ్మకమైన పదిమంది దొరకడానికి మా అమ్మకు మూడేళ్ళు పట్టింది. పాత ఇళ్ళను అవి ఉన్న చోటుకు ఒకటి రెండు కిలోమీటర్ల లోపలే తిరిగి కట్టి ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. ఈ నగరంలోనే అలా కట్టిన ఇళ్ళు చాలా ఉన్నాయి.

మిల్లు స్థలంలో ఇప్పుడు ఎత్తయిన అపార్ట్‌మెంట్లు లేచాయి. పోయిన సంక్రాంతికి అమ్మను తీసుకుని అటు వెళ్ళాను. మా వీధి ఉన్న చోట గట్టు చదును చేసి కంచె వేశారు. పంపు ఎక్కడ ఉండేదో అమ్మ వేలితో చూపించింది గాని, నాకు అది ఇంకా పది అడుగులు ఇవతల అనిపించింది.

పటం విషయంలోనూ మాకు అదే తగాదా. ఆ పంపు కింద నీళ్ళు పట్టిన ఇళ్ళు నా లెక్కకు నలభై మూడు వస్తున్నాయి, అమ్మ నలభై అయిదంటోంది. నల్లా వైపు చివర, అంబలి అమ్మే ఆవిడ ఇంటి తరువాత ఇంకా రెండు ఉండేవని, వాటిలో ఒకదానికి నీలం తలుపు అని ఆమె పట్టు. ఆ వీధివారెవరైనా ఇది చదివితే దయచేసి కింద రాయండి. కాగితంలో ఆ చివర కొంచెం ఖాళీ వదిలి ఉంచాను.